తల కావాలా, చెవి కావాలా?

(క్వారీ కూలీల సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరునే ఉంచాం.)

 

పొద్దున ఆరు గంటలకు డ్యూటీ ఎక్కి సాయంత్రం దిగి, మొహాన రాతిపొడి సరిగా కడుక్కోకుండానే ఈ సభకు వచ్చారు. అందుకని ఎక్కువ నానబెట్టం. ఇయ్యాల మాట్లాడేది రెండు వస్తువుల గురించి. ఒకటి మన తలమీద పెట్టే టోపీ. రెండు మన చెవులమీద పెట్టే డిప్పలు. ఇంత పెద్ద సభ పెట్టి టోపీల గురించా అని నవ్వకండి. కూలిరేటు గురించి ఎంత కొట్లాడతామో దీని గురించి కూడా అంత కొట్లాడాల్సి ఉంది. ఎందుకో చెప్తాం.

మా పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు చెప్పం, ఆయనకి ఇష్టం లేదు. ఇరవై ఏళ్ళు జాక్‌హ్యామర్ పట్టాడు. గ్రానైటు కొండ గుండెలో బొక్కలు పెట్టిన మనిషి. ఇప్పుడు ఆయనకి మనవరాలు "తాతా" అంటే వినపడదు. కొడుకు గట్టిగా అరిస్తే వినపడుతుంది గానీ, ఏమన్నాడో తెలీదు. రాత్రిపూట చెవిలో ఈగ మోగినట్టు గుయ్ మంటుందంట, నిద్ర పట్టదంట. ఇదంతా ఒక ఎత్తు. ఒకరోజు ఊళ్ళో పెద్దకులపాయన ఒకడు వెనకనుంచి పిలిచాడు. ఈయనకి వినపడలేదు. నడిచి పోతానే ఉన్నాడు. "పిలిస్తే పలకడు, వీడికి పొగరెక్కింది" అని నలుగురిలో తిట్టాడు.

చూశారా! చెవి పోగొట్టింది కొండ. నింద పడింది కులం మీద. మనోడు చెవిటోడైతే దాన్ని రోగం అనరు, పొగరు అంటారు. అందుకే చెవి గురించి మాట్లాడటం మనకు ఒళ్ళు కాపాడుకోవడమే కాదు, పరువు కాపాడుకోవడం కూడా.

మేం క్వారీలో ఏం చూశాం

మేం నలుగురం కొన్ని క్వారీలు తిరిగాం. ఒకచోట ఆఫీసుగదిలో గోడకి కొత్త టోపీలు వరసగా తగిలించి ఉన్నాయి. అవి ఎవరికయ్యా అంటే, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే దొరలకంట! కింద గుంతలో డ్రిల్లింగ్ చేసే పిల్లోళ్ళకి తువ్వాలే టోపీ.

ఇంకోచోట టోపీలు ఇచ్చారు. ఆర్నెల్ల తర్వాత చెవి డిప్పలు కూడా ఇచ్చారు. మంచిదే గదా అనుకున్నాం. కానీ ఆ డిప్పల పట్టీ నడినెత్తి మీదుగా పోతుంది. నడినెత్తి మీద టోపీ ఉంది. రెండూ ఒకేసారి ఎట్టా పెట్టుకోవాలి? టోపీ కింద పట్టీ పెడితే టోపీ గిలగిలా ఊగుతుంది. టోపీ మీద పట్టీ పెడితే డిప్పలు చెవులదాకా దిగవు. మేస్త్రీని అడిగితే ఏమన్నాడో తెలుసా? "రెండూ ఇచ్చాం, ఏది కావాలో మీరే చూసుకోండి" అన్నాడు.

అంటే తల కావాలా, చెవి కావాలా, తేల్చుకో అని. మనిషిని పట్టుకుని ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? మనల్ని అడుగుతారు.

ఒక తమ్ముడు చెవులు నొప్పి భరించలేక డిప్పలు పెట్టి టోపీ తీశాడు. పైనుంచి గుప్పెడంత రాయి జారి పడింది. ఏడు కుట్లు. కంపెనీ వాళ్ళు రాసిన కాయితంలో ఏముంది? "కార్మికుడు హెల్మెట్ ధరించలేదు." తప్పు ఎవరిది అయిందో చూడండి!

శబ్దం ఏం చేస్తుంది

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న గది ఉంటుంది. అందులో సుమారు పదిహేను వేల సన్నటి వెంట్రుక కణాలు ఉంటాయి. శబ్దం వస్తే అవి గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతాయి. ఆ ఊగుడే మెదడుకి మాటగా చేరుతుంది. రోజూ పెద్ద గాలివాన కొడితే చేను ఏమవుతుంది? పడిపోతుంది. చేను మళ్ళీ నాటుకోవచ్చు. చెవిలో ఆ కణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. మందు లేదు, ఆపరేషన్ లేదు.

ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. పిట్ట కూత, పిల్లల గొంతు, ఆడోళ్ళ మాట, మాటల్లో స, శ, త, క లాంటి అక్షరాలు. అందుకే మనోళ్ళు "వినపడుతుంది గానీ అర్థం కాదు" అంటారు. అది తలకాయ మొద్దుబారడం కాదు, చెవి దెబ్బతినడం.

శబ్దాన్ని డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. ఈ లెక్క మామూలు లెక్క కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెండింతలు అయినట్టు. ఎనిమిది గంటల పనికి 85 దాటకూడదని చెవి డాక్టర్లు చెప్తారు. 88 అయితే నాలుగు గంటలే. 91 అయితే రెండు. ఇట్టా సగం సగం తగ్గుకుంటా పోతే 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. జాక్‌హ్యామర్ శబ్దం 100 దాటుతుంది. మరి మనం పట్టేది పదిహేను నిమిషాలా?

ఇది ప్రభుత్వానికి తెలియని సంగతి కాదు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ వాళ్ళు 1975లోనే సర్క్యులర్ ఇచ్చారు. 85 హెచ్చరిక గీత, 90 ప్రమాదపు గీత అని. ఆ కాయితం పుట్టినప్పుడు పుట్టిన పిల్లోడు క్వారీలో చేరి, చెవులు పోగొట్టుకుని, ఇంటికాడ కూర్చున్నాడు.

మిషను లేకుండా కొలిచే పద్ధతి కూడా ఉంది. మీకూ పక్కోడికీ మధ్య ఒక చేయి దూరం. ఆ దూరంలో మామూలు గొంతుతో మాట్లాడితే వినపడక అరవాల్సి వస్తే, ఆ శబ్దం చెవికి చేటు. డ్యూటీ దిగినాక చెవిలో గుయ్ మంటే, ఆ రోజు చెవికి దెబ్బ తగిలినట్టే లెక్క.

టోపీ కథ

ఈ గట్టి టోపీ మొదట గనివాళ్ళ కోసమే తయారయింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బుల్లార్డ్ అనే ఆయన మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి, సైనికుడి ఇనుప టోపీని చూసిన అనుభవంతో 1919లో ఒక టోపీ తెచ్చాడు. క్యాన్వాసు గుడ్డకి జిగురు పట్టించి, ఆవిరిలో ఉడికించి గట్టిపరిచాడు. అంతకుముందు గనుల్లో తోలుటోపీలే. 1933లో ఆ ఊళ్ళోనే గోల్డెన్ గేట్ వంతెన పని మొదలయినప్పుడు, టోపీ లేకుండా పనిలోకి రాకూడదని కచ్చితంగా పెట్టారు. అంటే టోపీ పెట్టించడం కష్టం కాదు. పెట్టించాలన్న మనసుండాలి.

టోపీ పైడొప్ప గట్టిది అయినంత మాత్రాన తల దక్కదు. లోపల పట్టీల గూడు ఉంటుంది చూడండి, అసలు పని దానిది. డొప్పకీ నెత్తికీ మధ్య జానెడు కాదు గానీ వేలెడు సందు ఉంటుంది. రాయి పడితే పట్టీలు సాగి ఆ దెబ్బను ఆ సందులోనే మింగుతాయి. మనోళ్ళు ఆ సందులో బీడీకట్ట పెడతారు, అగ్గిపెట్టె పెడతారు, తువ్వాలు మడిచి కుక్కుతారు. అప్పుడు దెబ్బ నేరుగా నెత్తికే. దయచేసి ఆ పని చేయకండి.

ఇంకో సంగతి. సింగరేణి బొగ్గుగనుల్లో టోపీకి ముందువైపు దీపం తగిలించే కొక్కెం ఉంటుంది. టోపీ, దీపం ఒకదానికొకటి సరిపోయేట్టు చేశారు. మరి టోపీ, చెవిడిప్ప సరిపోయేట్టు చూడాలని మన క్వారీలో ఎవరికీ ఎందుకు తోచలేదు? మేం ఆలోచిస్తే ఒకటే తేలింది. దీపం లేకపోతే బొగ్గు రాదు. చెవి లేకపోయినా రాయి వస్తుంది! అంతే, ఇందులో ఇంకేం రహస్యం లేదు.

రెండూ కలిసి పనిచేసే టోపీ ఎట్టా ఉండాలి

అట్టాంటి టోపీ లేదా అంటే, ఉంది. చాలా ఏళ్ళుగా ఉంది. టోపీ రెండు పక్కలా చిన్న గాడి ఉంటుంది. ఆ గాడిలోకి చెవిడిప్ప చేయి టక్కున దిగుతుంది. పనప్పుడు చెవిమీదకి దించుకోవచ్చు, ఆగినప్పుడు పైకి ఎత్తుకోవచ్చు. నెత్తిమీద అడ్డుపట్టీ ఉండదు. మేం వాటిని తెప్పించి, పది మంది తలలకి పెట్టి చూశాం. చూసినాక తేలినవి ఇవి.

ఒకటి. తలలన్నీ ఒక్క సైజు కావు. పట్టీ సుమారు 52 నుంచి 62 సెంటీమీటర్ల దాకా బిగించుకునేట్టు ఉండాలి. వెనక తిప్పే చక్రం ఉంటే మేలు. గుండీలు ఒత్తి మార్చే రకం అయితే గ్లౌజులతో కుదరదు, టోపీ తీయాలి. తీసినోడు మళ్ళీ సరిగ్గా పెట్టుకోడు.

రెండు. చుట్టుకొలత ఒక్కటే చాలదు, లోతు కూడా మారాలి. టోపీ నెత్తిమీద ఎత్తుగా కూర్చుంటే డిప్ప చెవికి పైన నిలబడుతుంది. డిప్ప చేయి పైకీ కిందికీ జరగాలి. డిప్ప కూడా కాస్త వంగి చెంప వాటాన్నిబట్టి కూర్చోవాలి. చెవి మొత్తం డిప్ప లోపల ఉండాలి. చెవితమ్మె అంచు కింద నలిగితే అది పనిచేయనట్టే.

మూడు. మెత్త చుట్టూ సందు ఉండకూడదు. కుండకి చిన్న చిల్లి ఉంటే నీళ్ళు నిలుస్తాయా? ఇదీ అంతే. గడ్డం కింద కట్టే పట్టీ, దుమ్ముగుడ్డ తాడు, కళ్ళజోడు కాడ, తువ్వాలు అంచు - ఇవన్నీ మెత్త కిందికి పోయి సందు చేస్తాయి. టోపీ ఒకడు, డిప్ప ఒకడు, అద్దాలు ఒకడు, దుమ్ముగుడ్డ ఒకడు, ఎవడి పాటికి వాడు తయారు చేసి మన మొహాన కుమ్మరిస్తే ఇట్టాగే ఉంటుంది. నాలుగూ ఒకే తలమీద పెట్టి చూసి కొనాలి.

నాలుగు. ఒక కంపెనీ టోపీకి ఇంకో కంపెనీ డిప్ప అతకదు. అతికినట్టు కనపడినా పట్టు చాలదు. ఏ టోపీతో ఏ డిప్పను పరీక్షించారో తయారీదారు కాయితంలో రాసి ఉంటుంది. ఆ కాయితం అడగండి. మన దేశంలో టోపీకి ఐ.ఎస్. 2925, చెవిరక్షణకి ఐ.ఎస్. 9167 అని ప్రమాణాలు ఉన్నాయి. ఆ నంబర్లు గుర్తుపెట్టుకోండి, ఓటరు కార్డు నంబరు మాదిరి.

ఐదు. ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకుంటాం. గాడి లేని పాత టోపీలకి మా పల్లెలో వెల్డింగ్ చేసే కుర్రోడి చేత బొక్కలు పెట్టించి, తీగతో డిప్పలు కట్టించాం. చూడ్డానికి భలే ఉంది. తర్వాత తెలిసింది, బొక్క పెట్టిన డొప్ప దెబ్బకి అక్కడే చీలుతుందని. అన్నీ తీయించేశాం. మనోళ్ళ చేతికి తెలివి ఉంది, దాన్ని తల పగలగొట్టుకోడానికి వాడొద్దు. గాడి లేని టోపీకి వేరే దారి ఉంది. పట్టీ మెడ వెనకనుంచి పోయే డిప్పలు వస్తాయి. లేదంటే చెవిలో పెట్టే మెత్తటి స్పాంజి బిరడాలు. వాటిని సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. చేతులు కడుక్కుని పెట్టుకోవాలి. క్వారీలో చేతులు కడుక్కోడానికి నీళ్ళేవి? అదీ అడగాలి.

టోపీకి ఆయుష్షు కూడా ఉంటుంది. ఎండకి ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది. రంగు వెలిసి, గోటితో గీకితే పొడి రాలితే మార్చాల్సిందే. గట్టిదెబ్బ తిన్న టోపీ పగలకపోయినా ఇక పనికిరాదు. డిప్ప మెత్తలు గట్టిపడితే అవి కూడా మార్చాలి. ఒకసారి ఇచ్చి ఐదేళ్ళు చేతులు దులుపుకుంటామంటే కుదరదు.

అరగంట లెక్క

"అంతసేపు పెట్టుకోలేం అన్నా, చెమట" అంటారు. నిజమే, మేం కాదనం. ఎండాకాలం చెవులు ఉడుకుతాయి. కానీ ఈ లెక్క వినండి. 30 డెసిబెల్స్ ఆపే మంచి డిప్ప ఉంది. ఎనిమిది గంటల్లో జాక్‌హ్యామర్ మోగుతుండగానే అరగంట తీశారు. ఇందాక చెప్పాం, 100 దగ్గర పదిహేను నిమిషాలకే రోజు కోటా అయిపోతుందని. అరగంట అంటే రెండు రోజుల కోటా అప్పుడే అయిపోయింది. మిగతా ఏడున్నర గంటలు పెట్టుకున్నా, మొత్తం మీద ఆ డిప్ప మీకు చేసిన మేలు 30 కాదు, 12 మాత్రమే. సగం రోజు తీస్తే మిగిలే మేలు మూడు.

అందుకని తీయాలంటే మిషను ఆగినప్పుడు, శబ్దానికి దూరంగా పోయి తీయండి. యాజమాన్యానికి కూడా ఇదే లెక్క చెప్పాలి. నీడలో విశ్రాంతి, తాగే నీళ్ళు, మనుషుల మార్పు లేకుండా డిప్పలు ఇచ్చామంటే సగం ఇచ్చినట్టు కూడా కాదు.

ఇంకొకటి. చెవులు మూస్తే సైరన్ వినపడుతుందా? డంపరు వెనక్కి వస్తే తెలుస్తుందా? ఇది న్యాయమైన భయం. మరీ ఎక్కువ ఆపే డిప్ప కూడా మంచిది కాదు, శబ్దానికి తగ్గదే ఎంచాలి. బ్లాస్టింగ్‌కి సైరన్ ఒక్కటే చాలదు, ఎర్రజెండా ఉండాలి, ఎర్రదీపం ఉండాలి, మనిషి వచ్చి భుజం తట్టి చెప్పాలి. ఇప్పటికే చెవులు పోయినోళ్ళు మనలో ఎంతమంది? వాళ్ళకి డిప్ప లేకపోయినా సైరన్ వినపడదు గదా!

అక్కల మాట

ఈ టోపీలు చేసినోళ్ళు ఆడోళ్ళ తలను చూసినట్టు లేదు. కొప్పు ఉంటే వెనకపట్టీ కూర్చోదు. ఒక అక్క అడిగింది: "జుట్టు కత్తిరించుకోమంటారా, పని మానుకోమంటారా?" వెనకపట్టీ కిందికి వంగే రకం, కొప్పు కిందుగా కట్టుకునే వీలున్న రకం ఉంటాయి. అవి తెమ్మనాలి. ఇక చుట్టకుదురు పెట్టి రాళ్ళతట్ట మోసే అక్కల సంగతి? టోపీ మీద తట్ట నిలవదు. కాబట్టి టోపీ లేకుండానే మోస్తారు, క్రషరు పక్కనే. దీనికి జవాబు కొత్త టోపీ కాదు. తట్ట నెత్తిమీదనుంచి దిగాలి. తోపుడుబండో బెల్టో పెట్టాలి. ప్రతి కష్టానికీ ఒక టోపీ తొడిగి సరిపెట్టడం కాదు.

ఎవరి టోపీ వాళ్ళకి

ఒకచోట పది మందికి నాలుగు టోపీలు. షిఫ్టు మారితే టోపీ మారాలి. మా పిల్లోడు దింపిన టోపీని ఊళ్ళో పిల్లోడు పెట్టుకోనన్నాడు. రెండోరోజు నుంచి మనోళ్ళవి రెండు విడిగా, గుడిసె బయట మేకుకి. హోటల్లో రెండు గ్లాసులు పోయాయన్నారు, క్వారీలో రెండు మేకులు వచ్చాయి! దీనికి మేం చెప్పిందొకటే. చెమటపట్టీ, చెవిమెత్త ఒకరివి ఒకరు వాడితే కురుపులు, చెవిపోటు వస్తాయి, ఏ కులపోడికైనా. అందుకని మనిషికొక టోపీ, దానిమీద పేరు. పంచుకునే టోపీ వద్దు, విడిగా పెట్టే మేకూ వద్దు. అన్నీ ఒకే గోడకి తగిలించాలి.

టోపీ ఆఖరిది, మొదటిది కాదు

టోపీ ఇచ్చి నోరు మూయించే ఎత్తు కూడా ఉంది, జాగ్రత్త. ముందు శబ్దాన్ని పుట్టిన చోటే తగ్గించాలి. జాక్‌హ్యామర్ గాలి వదిలే చోట సైలెన్సరు పెట్టొచ్చు. కంప్రెషర్‌ని దూరంగా, మూసిన గదిలో పెట్టొచ్చు. అరిగిన మిషను బాగు చేస్తే మోత తగ్గుతుంది. డైమండ్ తీగతో రాయి కోస్తే డ్రిల్లింగ్ తగ్గుతుంది. నీళ్ళు పోసి డ్రిల్లింగ్ చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే పొడి తగ్గుతుంది. ఇవన్నీ చేసినాక మిగిలిన శబ్దానికే చెవిడిప్ప.

చట్టం ఏమంటుంది? 1952 గనుల చట్టం స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పనిచోట భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదని అందులో ఉంది. టోపీకని కూలిలో కోస్తే అది దొంగతనం. పనికి పెట్టుకున్నట్టు కాయితం ఇవ్వాలని కూడా ఉంది. ఆ కాయితం లేకే మన పెద్దాయనలాంటోళ్ళు ఎక్కడ పనిచేశారో రుజువు చేసుకోలేకపోతున్నారు. శబ్దం వల్ల వచ్చిన చెవుడు పరిహారం ఇవ్వాల్సిన వృత్తిరోగాల జాబితాలో ఉంది. పాత పరిహార చట్టంలోనూ ఉంది, కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. కానీ పనిలో చేరిన రోజు చెవి ఎట్టా ఉందో పరీక్ష లేకపోతే "నీ చెవుడు ముందునుంచే ఉంది" అంటారు. అందుకే చేరినప్పుడు ఒకసారి, ఏడాదికొకసారి చెవి పరీక్ష చేయించాలి. ఆ కాయితం నకలు మన చేతికి రావాలి.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నాడు. 1943 డిసెంబర్‌లో ఝరియా బొగ్గుగనులకు తానే పోయి చూశాడు. అంత పెద్ద పదవిలో ఉన్నాయన గనిదాకా పోతే, మన క్వారీకి వచ్చే ఆఫీసరు జీపు దిగడు, ఆఫీసుగదిలో గోడకున్న టోపీలు లెక్కపెట్టుకుని పోతాడు. అందుకే లెక్క మనమే రాయాలి. ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఎన్నేళ్ళు ఏ మిషను పట్టారు, టోపీ ఇచ్చారా, డిప్ప అతుకుతుందా, చెవిలో గుయ్ మంటుందా - ఈ నాలుగూ రాయండి. సంతకం రాకపోతే వేలిముద్ర. వచ్చే నెల ఆ పుస్తకాలన్నీ కలిపి తీసుకుని మనమే పోదాం.

ఆ పెద్దాయన ఇక్కడే ముందు వరసలో కూర్చున్నాడు. మేం మాట్లాడింది ఆయనకి సగం కూడా వినపడి ఉండదు. మా పెదాలు చూస్తా కూర్చున్నాడు. ఆయనకి పోయిన చెవి మనం తేలేం. ఆయన పక్కన కూర్చున్న మనవడికి పందొమ్మిదేళ్ళు, పోయిన నెలే జాక్‌హ్యామర్ పట్టాడు. వాడి చెవులు ఇంకా ఉన్నాయి.

మేస్త్రీ మళ్ళీ అడుగుతాడు, తల కావాలా చెవి కావాలా అని. అందరం ఒక్క గొంతుతో చెప్దాం: రెండూ కావాలి. రెండూ మావే.

జై భీమ్!